కప్పు ముందు, గోడలు తరువాత

ఆకాశం నుంచి పడేవాడికి ఎక్కడ పడాలో ఎంచుకునే వీలుండదు. ఆ విషయంలో సువర్ణతీర రాజకుమారుడు మణికేతుడు అదృష్టవంతుడే. అతడు చంద్రశిలా రాజ్యంలో, పారిజాతగిరి మీద పోసి ఉన్న ఇసుక కుప్పలో నడుము లోతున దిగబడ్డాడు. అతని తమ్ముడు సోమకేతుడు మాత్రం పక్కనే ఉన్న బండరాళ్ల గుట్టలో ఎక్కడో ఠప్పున పడ్డాడు. పడినా అతనికి నొప్పి తెలియలేదు. అప్పటికే అతడు కూడా ఒక బండరాయి.

ఇంతటికీ కారణం అరిసెలు. సోమకేతుడికి బెల్లం అంటే ప్రాణం. ఆ సంగతి కనిపెట్టిన ధూమ్రజటుడనే మాంత్రికుడు అడవిదారిలో అరిసెలు వండే అవ్వ వేషం వేసుకుని కూర్చున్నాడు. కుర్రవాడు మొదటి అరిసె కొరకగానే మంత్రం చదివి రాయిగా మార్చేశాడు. అమావాస్యనాడు తన క్షుద్రదేవతకు బలి ఇవ్వాలని, ఏనుగంత గద్దగా మారి ఆ రాయిని కాళ్లతో తన్నుకుని ఎగిరిపోయాడు. మణికేతుడు ఒక్క దూకు దూకి గద్ద తోక పట్టుకున్నాడు. మబ్బుల మధ్య పెనుగులాటలో అతని బాకు గద్ద ఎడమరెక్కలో దిగింది. పట్టు జారింది. ముగ్గురూ తలకిందులుగా రాలారు. రాలిపోతూ కూడా ఆ దుర్మార్గుడు నవ్వు మానలేదు.

“వెతుక్కో రాజకుమారా! నాకు దక్కనివాడు నీకు మాత్రం దక్కుతాడా? వాడి ఒంటిమీద సున్నం పడి ఆరిందంటే యుగాంతం దాకా రాయే!”

మణికేతుడు కళ్లలో ఇసుక తుడుచుకుని చుట్టూ చూశాడు. తూర్పున సున్నపు బట్టీలు శరత్కాలపు మేఘాలను కన్నట్టు తెల్లటి పొగ కక్కుతున్నాయి. దక్షిణాన సున్నం నానబెట్టిన గుంటలు నేలమీదికి దిగి వచ్చిన చందమామల్లా మెరుస్తున్నాయి. పడమట సున్నం నూరే రాతి గానుగ ఏడు ఊళ్లకు వినబడేలా గుర్రుమంటున్నది. వెదురు పరంజాల మీద సున్నమే, ఏనుగుల తొండాల మీద సున్నమే, పనివాళ్ల మీసాల మీద సున్నమే. లోకంలో ఇంత చోటుండగా తన తమ్ముడు సరిగ్గా ఇక్కడే పడ్డాడు.

“ఎవడ్రా నువ్వు, ఇసుకలో మొలిచావు?” అంటూ భటులు అతన్ని చంకల కింద చేతులు వేసి పీకి, మహారాజు ముందు నిలబెట్టారు.

ఉద్దండభల్ల మహారాజు గొడుగు కింద కూర్చుని తల పట్టుకుని ఉన్నాడు. పేరు వింటే గుండె జారుతుంది గాని, మనిషి భక్తిపరుడు, వెన్నలాంటివాడు. తన బిడ్డకు జబ్బు నయమైతే సర్వమంగళ అమ్మవారికి ఈ కొండమీద ఊయల మంటపం కట్టిస్తానని మొక్కుకున్నాడు. బిడ్డ లేచి తిరుగుతున్నది. మంటపం మాత్రం నేలనుంచి లేవలేదు.

“దొంగవా? శత్రువు పంపిన వేగులవాడివా?”

నిజం చెబితే ఊరంతా రాళ్ల గుట్టమీద పడుతుంది. ఆ తొక్కిడిలో సున్నమో రాయో ఎవరు చూస్తారు? మణికేతుడు చుట్టూ చూశాడు. వడ్రంగులు దూలం మీద కూర్చుని పులిజూదం ఆడుతున్నారు. కాసెవాళ్లు, అంటే రాతిపనివాళ్లు, వడ్రంగులను తిడుతున్నారు. ఇద్దరినీ కలిపి సున్నం నూరే ఆడవాళ్లు తిడుతున్నారు. ఎవరికీ చేతినిండా పని లేదు, అందరి నోటినిండా ఉన్నది.

“నేను క్రమాచార్యుణ్ణి మహారాజా. ఏ పని ముందో, ఏ పని వెనకో చెప్పడం నా విద్య” అన్నాడు అతడు, నోటికి వచ్చినట్టు.

మహారాజు సింహాసనం మీంచి గెంతి, పక్కనున్న దైవజ్ఞుడి వైపు తిరిగాడు. “చూశారా అవధానిగారూ! అమ్మవారు ఆకాశంలోంచి పంపింది!”

“పంపింది సరే, అయ్యవారు కుదురుకుంటారో గానుగకు వస్తారో చూద్దాం” అని ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆమె నాగసానమ్మ, గానుగ దగ్గరి ఆడవాళ్లకు పెద్ద. మణికేతుడు అటు చూశాడు. గానుగను లాగుతున్నవి ఎద్దులు కావు, ముగ్గురు పండితులు. పట్టు ఉత్తరీయాలు నడుముకు బిగించి, చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు.

“వాళ్లు నీకు ముందున్న క్రమాచార్యులు” అన్నాడు మహారాజు నొచ్చుకుంటూ. “వైశాఖ పున్నమికి అమ్మవారు ఊయలెక్కాలి. చేయిస్తామని మాటిచ్చి చేయించలేకపోయారు. నాకు కోపం లేదు. కాని సున్నమన్నా నూరాలి కదా?”

ముగ్గురు పండితులూ మణికేతుణ్ణి చూసి ప్రేమగా నవ్వారు. గానుగ కాడికి నాలుగో మనిషి చోటు ఖాళీగా ఉన్నది.

ఇక అసలు చిక్కు ఏమిటో ఆస్థాన దైవజ్ఞులు సూరావధానిగారు విప్పి చెప్పారు. ఆయన మోసగాడు కాడు. స్నానసంధ్యలు ముగియనిదే పచ్చి మంచినీళ్లు ముట్టడు. ఒక్కొక్క లెక్కను మళ్లీ మళ్లీ చూసుకునే మనిషి.

“కప్పు పనికి వచ్చే గురువారం దివ్యమైన లగ్నం నాయనా. ద్వారబంధం నిలపడానికి ఆ పై పక్షంలో దశమి. గోడలది రాతిపని. రాతికి కలిసివచ్చే నక్షత్రం అన్నిటికంటే చివర వచ్చింది.”

“అంటే కప్పు ముందు, గోడలు తరువాతనా?”

“అవును.”

“మరి కప్పు దేనిమీద నిలబడుతుంది అవధానిగారూ?”

“అది కట్టేవాళ్ల శాస్త్రం. మా శాస్త్రం లగ్నం దాకానే” అన్నాడాయన నిష్కల్మషంగా.

ఒక్కొక్క ముహూర్తం ఆణిముత్యమే. దండగా గుచ్చితే ఏది ఏ పక్కకు వస్తుందో మాత్రం ఎవరూ చూడలేదు. మొదటి క్రమాచార్యుడు ముహూర్తాలు మార్చమన్నాడు, మహారాజు చెవులు మూసుకున్నాడు. రెండోవాడు నమూనాకని వెదురుగడల మీద కప్పు నిలిపాడు. అది ఏనుగుల సాల మీద కూలింది. మూడోవాడు పారిపోతుంటే పట్టుకొచ్చారు.

మణికేతుడు మాత్రం లోలోపల అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాడు. గోడలు చివరికి పోతే, ఆ గుట్టలో రాళ్లకు అందాకా సున్నం తగలదు. వెతకడానికి తనకు వ్యవధి దొరికింది!

“ముహూర్తాల్లో ఒక్క ఘడియ మార్చను మహారాజా” అన్నాడు ధీమాగా. ముగ్గురు పండితులూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని గానుగ ఆపేశారు.

రాజకుమారుడు నేర్చింది యుద్ధవిద్య. కాబట్టి మర్నాడు ఉదయం అతడు కొండ కింద అందరినీ వ్యూహం తీర్చాడు. మధ్యన ఏనుగులు, కుడివైపు దూలాల బండ్లు, ఎడమవైపు సున్నం కావళ్లు, ముందు వరసలో ఉలులూ సుత్తులూ పట్టిన కాసెవాళ్లు. శంఖం పూరించి, “ఊఁ! అందరూ ఒక్కసారే!” అని కేకపెట్టాడు.

అందరూ ఒక్కసారే కదిలారు. కొండ ఎక్కే దారి ఒక్కటే. ఆ ఒక్క దారిలో దూలం బండి అడ్డం తిరిగింది. దాని వెనక ఏనుగు కూలబడింది. ఏనుగు వెనక సున్నం కావళ్లు నిలవలేక దిగువకు దొర్లాయి. దిగువన ఉన్నవాళ్లు తెల్లబడి, దయ్యాలనుకుని ఒకరినొకరు చూసి పరుగెత్తారు. ఎక్కేవాళ్లు దిగలేరు, దిగేవాళ్లు తప్పుకోలేరు. మధ్యాహ్నానికి కాసెపెద్ద మల్లోజు ఏనుగు కడుపు కింద నుంచి పాక్కుంటూ వచ్చి చేతులు జోడించాడు.

“అయ్యా, శత్రువులు ఎవురో చెప్తే ముందు ఆళ్లను పొడిచేస్తాం. ఆ తరవాత మంటపం కట్టుకుందాం.”

“ఓ నాలుగో ఎద్దు గారూ!” అని పైనుంచి నాగసానమ్మ కేకేసింది. “నడుముకు నూనె రాసుకుని రండి, కాడి కొత్తది, ఒరుసుకుంటుంది!”

ఆ పూట మణికేతుడికి అన్నం సహించలేదు. యుద్ధంలో అందరూ ఒక్కసారి మీదపడితేనే గెలుపు. ఇక్కడ ఒకడు చెయ్యి తీస్తేనే ఇంకొకడు చెయ్యి పెట్టగలడు. ఆ సంగతి తనకు శంఖం ఊదకముందే తట్టి ఉంటే ఎంత బాగుండేది! అలా కొండమీద తిరుగుతూ తిరుగుతూ అమ్మవారి చిన్న గుడిముందు ఆగాడు. అక్కడ ఒక పిల్ల ముందు చుక్కలన్నీ పెట్టుకుని, ఆ తరువాత ఒక్కొక్క చుక్క చుట్టూ పిండి గీత తిప్పుకుంటూ పోతున్నది. గీత ఈ చుక్కను చుట్టనిదే ఆ చుక్క దగ్గరికి పోవడం లేదు. ఒక్క చుక్క కూడా మిగలడం లేదు. రాజకుమారుడు చూస్తూ చూస్తూ, “అమ్మా, ఆ పిండి గిన్నె ఇలా ఇస్తావా?” అన్నాడు.

తెల్లవారి పనిలోకి వచ్చినవాళ్లు నోళ్లు తెరిచారు. గుడిముందు వాకిలి అంతా పరుచుకుని రథమంత ముగ్గు! పక్కన మోకాళ్ల మీద క్రమాచార్యుడు, ముక్కు మీద పిండి.

“మగాడు ముగ్గేస్తన్నాడే, వానొస్తదేమో చూడండే!” అంది నాగసానమ్మ.

“నవ్వు తరువాత, పని ముందు” అన్నాడు మణికేతుడు లేచి. “పసుపు చుక్క మీ సున్నం వాళ్లది. కుంకుమ చుక్క వడ్రంగులది. నల్లచుక్క మల్లోజు మనుషులది. పని పూర్తయినవాళ్లు మీ చుక్క మీద బంతిపువ్వు పెట్టండి. మీ చుక్కలోకి ఏ గీత వస్తున్నదో చూసుకోండి. దాని అవతలి చుక్క మీద పువ్వు ఉంటేనే మీరు చేయి పెట్టాలి. లేకపోతే పులిజూదం ఆడుకోండి, నేనేమీ అనను.”

మల్లోజు ముగ్గుచుట్టూ తిరిగి, తిరిగి, గడ్డం గోక్కున్నాడు. “ఇది బాగుందయ్యా. ఎవుడి మీద ఎవుడు పడక్కర్లేదు.”

“కాని బియ్యప్పిండెందుకు? ఇంత సున్నముండగా సున్నంతో పెట్టండి, చెరగదు” అంది నాగసానమ్మ.

అప్పుడు అవధానిగారు అడ్డం వచ్చారు. “తప్పు తల్లీ. ముగ్గు పిండితోనే పెట్టాలి. చీమకూ పిచ్చుకకూ ఇంత దొరుకుతుంది. అది మన ఆచారం.” మంచి మాటే. ఎవరూ కాదనలేదు. ఈ మంచిమాట వల్ల ఏం మునగబోతున్నదో అప్పుడు ఎవరికీ తెలియదు.

కప్పు సంగతి మణికేతుడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. “అవధానిగారూ, మీ ముహూర్తం కప్పు కట్టడానికా, ఎక్కించడానికా?”

ఆయన వేళ్లు ముడిచి, విప్పి, “కట్టడానికే” అన్నాడు.

“అయితే నేలమీద కడతాం.”

గురువారం మంగళవాద్యాలతో కప్పు మొదలైంది. టేకు వాసాలు, వాటిమీద రాగిరేకులు, నాలుగు మూలలా మకరముఖాలు, చిటారున ఏనుగులు లాగడానికి ఒక ఇనుప కొండి, అంచుల వెంట వేలాడే మోకులు. తయారైన కప్పు నేలమీద బోర్లించిన బంగారు కలశంలా ధగధగలాడింది. గోడలు లేకపోయినా లోపల వెండి రేకు తాపిన ఊయల గొలుసులకు వేలాడదీశారు. మహారాజు ఒంగి, ఆ కప్పు కిందికి పాకి వెళ్లి, దణ్ణం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ పాకి బయటికి వచ్చాడు. కొండమీద మంచి నీడ అదొక్కటే కాబట్టి అవధానిగారు తన అనుష్ఠానం అక్కడికే మార్చుకున్నారు.

దశమినాడు ద్వారబంధం నిలిపారు. పక్కన గోడ లేదు, మీద కప్పు లేదు. మామిడితోరణం కట్టిన ద్వారం ఒక్కటే మైదానం మధ్య నిలబడింది. అయినా గడప గడపే. ఆ రోజు నుంచి సున్నం కావళ్లు, ఏనుగులు, ఆఖరికి మహారాజు కూడా ఆ ద్వారంలోంచే వచ్చి పోయేవారు. ఒకసారి మల్లోజు మరచిపోయి పక్కనుంచి నడిచి వస్తే, “గోడలోంచి వస్తావేమయ్యా, దయ్యమా?” అని అందరూ గద్దించారు. పాపం, వెనక్కి వెళ్లి ద్వారంలోంచి మళ్లీ వచ్చాడు.

ఈలోగా రాజకుమారుడి అసలు పని సాగుతూనే ఉన్నది. ముగ్గులో గోడల చుక్కకు ముందు అతడు ఇంకొక చుక్క పెట్టాడు, రాళ్ల పరీక్ష. గీత దానిలోంచే గోడలకు పోతుంది.

“నీళ్లు తాగే రాయి గోడకు పనికిరాదు. ప్రతి రాయి మీదా చెంబెడు పోసి చూడండి.”

“అది సరేనయ్యా. నీళ్లలో బెల్లం ఎందుకు?” అన్నాడు మల్లోజు.

“అమ్మవారి మంటపం కదా. నోరు తీపి చేసి పనిలోకి పిలవాలి.”

బెల్లమూ కరక్కాయలూ సున్నంలో కలపడానికి ఎలాగూ కొండమీదికి వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అవధానిగారికి అయితే అది ఏదో శాస్త్రంలో చదివినట్టే అనిపించింది. చెంబులు ఒంపుతూనే ఉన్నారు. నీళ్లు జారిపోతూనే ఉన్నాయి. పనివాళ్ల పిల్లలు మాత్రం రాళ్లను నాకుతూ లావెక్కారు. తమ్ముడి జాడ లేదు. రోజు గడిచేకొద్దీ చూడని రాళ్లు తరిగిపోసాగాయి. గుట్టలో ఇక ఒక్క మూల కుప్ప మిగిలింది. అందులో లేకపోతే?

పరంజా కొసమీద ఒక గద్ద రోజూ వచ్చి కూర్చునేది. ఎడమరెక్కలో ఈకలు ఊడిపోయి ఉండేవి. ‘ఇదెక్కడో చూశానే’ అని మణికేతుడు అనుకుంటాడు. అంతలో, “అయ్యా, పసుపు చుక్క మీద పువ్వెట్టాం, ఇప్పుడేటి?” అని ఎవరో అడుగుతారు. అటు పరుగెత్తుతాడు. అయినా వాడు ఏనుగంత గద్ద, ఇది కోడిపిల్లను ఎత్తుకుపోయేంత గద్ద.

“దీనికి పనీపాటా లేదల్లే ఉంది, మన ఆచారిగారిలాగే” అని నాగసానమ్మ దానిమీదికి కరక్కాయ విసిరేది.

గోడల ముహూర్తం తెల్లవారింది. మణికేతుడు కొండకు ఆ చివర ఏనుగుల చేత మోకులు లాగించి చూస్తున్నాడు. గోడలు లేచాక కప్పును ఎలా ఎత్తాలో ఏనుగులకు కూడా ముందుగా తెలియాలి కదా! ఇక్కడ గద్ద గుడి వాకిలి మీద చక్కర్లు కొట్టింది. భటుల కోడిపెట్ట ఒకటి పిల్లలను వెంటేసుకుని, భయంతో వచ్చి ముగ్గు కొస ఉన్న గుడి చూరు కింద దూరింది. భయం తీరాక ఆకలి వేసింది. కాళ్లకింద బియ్యప్పిండి. తల్లి ఒక గీత, పిల్లలు తలొక కొస. చక్కగా ఏరుకు తిన్నాయి.

మల్లోజు వచ్చి ముగ్గు చూశాడు. రాళ్ల పరీక్ష మీద పువ్వు లేదు. కాని అక్కడి నుంచి గోడల చుక్కకు గీతా లేదు! గోడల చుక్కలోకి ఏ గీతా రావడం లేదంటే ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. క్రమాచార్యుల శాస్త్రం అదే కదా. లగ్నం వచ్చింది, గంట మోగింది. మిగిలిన మూల కుప్పలోంచి రాళ్లు కదిలాయి.

ఏనుగుల దగ్గర ఉన్న మణికేతుడి చెవిన ఒక చప్పుడు పడింది. రాతిమీద తాపీ గీసిన చప్పుడు.

అతడు పరుగెత్తిన తీరు చూసి ఏనుగులు కూడా పక్కకు తప్పుకున్నాయి. ద్వారబంధంలోంచి రావడం కూడా మరచి, లేని గోడలోంచే దూసుకువచ్చాడు. మొదటి వరస అప్పటికే నాలుగు మూరలు సాగింది. ఒక మనిషి మోయదగిన గుండ్రటి రాయిని మల్లోజు బెల్లం కరక్కాయ నీళ్ల తొట్టిలో ముంచుతున్నాడు.

గుటగుటగుట.

తొట్టి ఖాళీ అయింది. మల్లోజు తొట్టిలోకి చూశాడు, తొట్టి కిందికి చూశాడు. “ఓరి నాయనో! మొత్తం తాగేసింది!”

రాయి త్రేన్చింది.

భయంతో మల్లోజు చేతిలో తాపీ ఎగిరింది. తాపీ మీది సున్నం ముద్ద గాలిలో లేచి, సరిగ్గా రాయి మీదికి దిగసాగింది. “తమ్ముడూ!” అని కేకపెట్టి మణికేతుడు అడ్డంగా దూకాడు. ముద్ద వచ్చి అతని చెంపకు చెళ్లున అంటుకుంది. అప్పటికే పేర్చిన సున్నపు వరసలో రెండు చేతులూ మోచేతుల దాకా దిగబడ్డాయి.

పనివాళ్లందరూ చేతిపనులు వదిలేసి చుట్టూ మూగారు.

“రాయిని తమ్ముడంటన్నాడు” అంది నాగసానమ్మ. ఈసారి ఆమె గొంతులో వెక్కిరింత లేదు. “ఎండ దెబ్బ. ఎవరైనా మజ్జిగ తేండే!”

“శిఖరం కింద పెట్టే రాయి ఇది!” అన్నాడు మణికేతుడు రొప్పుతూ. “దీని వంతు ఇవాళ కాదు. చిట్టచివరది. ఎవరూ ముట్టుకోకండి!”

రాయిని గుండెకు హత్తుకుని, అందరూ చూస్తుండగా పరుగుతీసి, నేలమీది కప్పు కిందికి దూరాడు. వెండి ఊయల మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి, రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి మొక్కాడు. కళ్లవెంట నీళ్లు జలజలా రాలాయి.

మూల కూర్చుని జపం చేసుకుంటున్న అవధానిగారు కళ్లు తెరిచారు. మణికేతుడు ఇక దాచలేక అరిసె దగ్గర నుంచి అంతా చెప్పేశాడు. ఆయన శాంతంగా విన్నాడు.

“నాయనా, ఒక మాట అడుగుతాను. నేను గోడలను చివర పెట్టబట్టే కదా నీ తమ్ముడు ఇన్నాళ్లూ బతికాడు?”

“అవును అవధానిగారూ. మీ ముహూర్తమే కాపాడింది.”

“ఇందాక కోళ్లు పిండి తింటుంటే పుణ్యమని ఊరుకున్నాను. నేను పెట్టించిన ఆ పిండి ముగ్గువల్లే కదా చావబోయాడు?”

మణికేతుడు ఊయల గొలుసు సర్దాడు.

“ముహూర్తం దేవుడిదే. సున్నం ఆరడం కూడా దేవుడి పనే. రెంటినీ కలిపి చూడాలని నాకు ఇన్నాళ్లూ తోచలేదు” అని ఆయన నిట్టూర్చి, ఊయల వైపు చూసి, అదిరిపడ్డాడు. “నాయనా! నీ చేతులు!”

మణికేతుడు తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా సున్నం. రాయి వైపు చూశాడు. తాను హత్తుకున్నచోట అయిదు వేళ్ల గుర్తు తెల్లగా, తడిగా మెరుస్తున్నది.

“నీళ్లు!”

అవధానిగారు కమండలం అందించాడు. అందులో అమ్మవారి పానకం మిగిలి ఉన్నది. ఒంపడమే ఆలస్యం, గుటగుటమని సోమకేతుడు మొత్తం తాగేశాడు. మరకమీద ఒక్క చుక్క నిలవలేదు.

“ఒరేయ్ తిండిపోతా!” అని అన్న పళ్లు కొరికాడు.

అంతలో కప్పు మీద ఏదో బరువు వాలింది. రాగిరేకులు కిరకిరలాడాయి. చిటారున ఇనుప కొండి గట్టిగా లాగినట్టు మూలిగింది. ఎదురుగా మకరముఖాల సందుల్లోంచి కనిపిస్తున్న నేల మెల్లగా కిందికి దిగిపోతున్నది. మణికేతుడు చప్పున ఊయల అంచున కాళ్లు ఆనించాడు, అవధానిగారు అడ్డవాసం మీదికి పాకారు.

“దొరికింది! దొరికింది!” అని పైనుంచి పరిచయమైన నవ్వు వినబడింది. “ఇన్ని రాళ్లలో నేనెక్కడ వెతకను రాజకుమారా? నీ చేతనే వెతికించాను!”

కోడిపిల్లను ఎత్తుకుపోయేంత గద్ద ఇప్పుడు మళ్లీ ఏనుగంత అయింది. ఏనుగుల కోసం పెట్టిన కొండిని కాళ్లతో పట్టుకుని, రెక్కలు టపటపలాడిస్తూ కప్పును కప్పుగానే లేవదీసింది.

కింద కొండమీద గగ్గోలు పుట్టింది. మహారాజు గొడుగు పారేసి చేతులు చాచి, “నా మంటపం! అమ్మవారి ఊయల!” అని పరుగెత్తుతున్నాడు. నాగసానమ్మ చేతికందిన కరక్కాయలన్నీ గద్దమీదికి విసురుతున్నది. మల్లోజు తలమీద చేతులు పెట్టుకుని, “ఆచారీ! కప్పెక్కించేది ఇవాళ కాదుగదయ్యా! గోడలింకా మోకాలెత్తు కూడా లేవలేదు!” అని అరుస్తున్నాడు. గానుగ దగ్గర ముగ్గురు పండితులు మాత్రం కాడి వదిలేసి, నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఇంతవరకు ఏ క్రమాచార్యుడూ ఇంత ఎత్తుకు పోలేదని చెప్పుకుంటున్నారు.

కొండ చిన్నదయింది. చెట్లు దర్భల్లా అయిపోయాయి. ఆకాశంలో పొడిగాలి ఈలవేస్తూ కప్పుకిందికి దూరింది. మణికేతుడు ఊయల గొలుసు పట్టుకుని మరకవైపు చూశాడు. చిటికెనవేలి గుర్తు అంచున తడి పోయి, పాలిపోతున్నది.

“ఏం చేద్దాం నాయనా?” అన్నాడు అవధాని, వాసాన్ని కౌగిలించుకుని, కళ్లు మూసుకుని. “వాణ్ణి పొడుస్తావా? దూకుదామా?”

రాజకుమారుడు ఒక్క క్షణం ఆగాడు. ఇంతకుముందైతే బాకు దూసి పైకి ఎగబాకేవాడు. ఇప్పుడు అతని కళ్లముందు చుక్కలు లేచాయి, చుక్కల మధ్య గీతలు సాగాయి.

“దిగడం చివరి పని. దానికి ముందు వీణ్ణి లొంగదీయాలి. దానికీ ముందు...” అంటూ బయటికి తొంగిచూశాడు.

ఉత్తరాన ఆకాశం అంచున ఒక మేఘం నిలబడి ఉన్నది. వెయ్యి ఏనుగులను ఒక్కచోట కట్టేసినట్టు నల్లగా, నిండుగా, కడుపులో మెరుపులు మెలికలు తిరుగుతూ, కిందికి ధారలు వేలాడేస్తూ ఉన్నది.

“సున్నం కడగాలి!”

అతడు కప్పు అంచున వేలాడుతున్న ఏనుగుల మోకు అందుకుని, ఉత్తరపు మకరముఖం మీద రెండు కాళ్లూ తన్నిపెట్టి వెనక్కి వాలాడు. కప్పు ఒక పక్కకు ఒరిగింది. పైన గద్ద తూలి, తిట్టి, రెక్క సర్దుకోబోయి, ఉత్తరానికి తిరిగింది. కాని ఒక్క మనిషి బరువు చాలడం లేదు. గద్ద మళ్లీ దక్షిణానికి లాగుతున్నది.

“అవధానిగారూ! ఇంకో మోకు పట్టుకోండి!”

“పట్టుకుంటాను నాయనా, పట్టుకుంటాను. మేఘంలో ప్రవేశించడానికి లగ్నం ఎలా ఉందో ఒక్క...” ఆయన చెయ్యి అలవాటుగా పైకి లేచింది. బొటనవేలు చూపుడువేలి కణుపుల మీద కదిలింది. అశ్విని, భరణి, కృత్తిక...

ఆయన ఊయల వైపు చూశాడు. చిటికెనవేలి గుర్తు నడిమధ్య చుక్కంత తడి తప్ప అంతా తెల్లబడింది. దాని పక్క వేలు తెల్లబడడం మొదలుపెట్టింది.

సూరావధాని తన జన్మలో మొదటిసారి లెక్క మధ్యలో ఆపాడు. జపమాల మెడలో వేసుకుని, పంచె ఎగగట్టి, “అమ్మా సర్వమంగళా!” అంటూ రెండో మోకు మీదికి మొత్తంగా దూకాడు.

కప్పు గిరుక్కున ఒరిగి, రాగిరేకులన్నీ ఒక్కసారి గణగణలాడగా, ఉరుముతున్న మేఘం కడుపులోకి దూసుకుపోయింది.